సూపర్ హీరోల కథల్లో తండా ఎక్కడుంది?



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ముందే చెప్తున్నం. గ్రూప్-2కు, ఎస్‌ఐ పరీక్షకు పనికొచ్చే ముక్క ఇందులో ఒక్కటి కూడ లేదు. కామిక్స్ గురించి రాస్తున్నం. అవును, బొమ్మల పుస్తకాలే. ముసుగు తొడుక్కొని మేడల మీద నుంచి దుంకే వీరుల కథలు. "డిగ్రీ చదివేటోళ్లకు ఇవేం చదువులురా" అని ఇంట్ల అననే అన్నరు, మళ్లీ మీరు అనకండి.

మేమంటే త్రిపురారం మండలం తండాల నుంచి చదువు కోసం బయటికి పోయిన అయిదుగురం. ఇద్దరం మిర్యాలగూడలో, ఒకరు నల్లగొండలో, ఇద్దరం హైదరాబాదులో. ఈ యాసంగి వడ్లు కోసినంక అందరం ఇంటికొచ్చినం. కోత మిషన్ పనే అయినా, వడ్లు కుప్ప పోసి కాంటా అయ్యేదాకా రాత్రిళ్లు ఎవరో ఒకరు కావలి పండాలె గదా. ఆ పని మా మీద పడ్డది. హైదరాబాదు నుంచి వచ్చినోళ్లు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట ఏరి తెచ్చిన పాత పుస్తకాల సంచి ఒకటి తోడు దొరికింది. కొన్ని పుస్తకాలు యూనివర్సిటీ లైబ్రరీవి. ఇంగ్లీషువి ఒకరు, హిందీవి ఒకరు గట్టిగ చదువుడు, మిగతావాళ్లకు గోర్ బోలిలో చెప్పుడు. గట్టిగ చదవబట్టి పక్క కుప్పల కాడి పెద్దమనుషులు కూడ వచ్చి కూసునేటోళ్లు. చెల్లె రాత్రి కావలికి రాదు గాని పొద్దున ఇంటికాడ అన్నీ చదివి, నచ్చని పేజీల మీద పెన్సిల్‌తో గీతలు కొట్టి పంపేది. కాబట్టి కింద రాసిన అభిప్రాయాలు అందరియి కలిసినవి.

రెండో రాత్రికే మాకు ఒక ఆట అలవాటైంది. ఏ పుస్తకం తెరిచినా "ఇందులో మనోళ్లు ఎక్కడున్నరు?" అని వెతుకుడు. మనోళ్లంటే లంబాడోళ్లే కాదు. అడవిలో, గుట్టల మీద, ఊరి బయట ఉండేటోళ్లు ఎవరైనా. (లంబాడా, కోయ, గోండు పంచాయతీ ఈ పోస్టు కింద పెట్టకండి దయచేసి. దానికి వేరే పోస్టులున్నయి.)

ఫాంటమ్‌తో మొదలుపెడతం, సంచిలో ఎక్కువ ఉన్నవి అవే. ఇంద్రజాల్ కామిక్స్ పేరు మీద టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చి నుంచి 1990 దాకా వేసిన్రు. మొదటి పుస్తకమే ఫాంటమ్‌ది. అసలు మనిషిని పుట్టించింది లీ ఫాక్ అనే అమెరికా రచయిత, 1936లో, అక్కడి పేపర్ల కోసం. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చిండు. అంటే ఒంటికి అతుక్కునే బట్టలు, కళ్లకు ముసుగు అనే ఫ్యాషన్ సూపర్‌మ్యాన్ కంటే ఈయనే ముందు మొదలుపెట్టిండు.

కథ చాలామందికి తెలిసే ఉంటది. 1536లో సముద్రపు దొంగలు ఒక ఓడ మీద పడి అందరినీ చంపుతరు. ఒక్కడే తెల్లాయన ఒడ్డుకు కొట్టుకొస్తడు. అడవిలో ఉండే బందర్ అనే పొట్టి జాతి వాళ్లు ఆయనను మోసుకపోయి, మందు పెట్టి, బతికిస్తరు. ఆయన తండ్రిని చంపినోడి పుర్రె మీద ఒట్టు వేసి, దుర్మార్గుల అంతు చూస్తనని ముసుగు వేసుకుంటడు. తర్వాత కొడుకు, ఆ కొడుకు కొడుకు, అట్ల ఇరవై ఒక్క తరాలు. బయటి లోకం మాత్రం ఒక్కడే మనిషి నాలుగు వందల ఏండ్లుగా చావకుండ ఉన్నడు అనుకుంటది.

ముందుగాల పేరు దగ్గరనే మేం ఆగిపోయినం. బందర్ అంటే హిందీలో ఏందో మీకు చెప్పాల్నా? మన దేశంలో లక్షల పుస్తకాలు ఈ పేరుతోనే చేతులు మారినయి. చదివే పిల్లలకు నవ్వొచ్చి ఉంటది. మాకు కూడ మొదట నవ్వే వచ్చింది, స్కూల్లో మనల్ని ఏమేమి పేర్లు పెట్టి పిలిచిన్రో గుర్తొచ్చేదాకా.

కాని పేరు కంటే పెద్ద విషయం ఇంకొకటుంది. దాన్ని పట్టింది మేం కాదు, పక్క కుప్ప కాడి తాత. మొత్తం విని బీడీ ముట్టించుకొని ఇట్ల అడిగిండు: "ఆని పానం కాపాడింది వాళ్లు. ఆ గుహ చూపించింది వాళ్లు. ఆడు సచ్చిన సంగతి దాసిపెట్టి, బతికే ఉన్నడని లోకాన్ని నమ్మించింది వాళ్లు. మరి ముసుగు ఆనికెందుకు ఇచ్చిన్రు, వాళ్లే పెట్టుకోకపోయిన్రా?"

దీని మీద మేం రెండు రాత్రులు మాట్లాడుకున్నం. తాత చెప్పింది నిజం. పుర్రె గుహ దారి తెలిసింది బందర్లకే. దానికి కాపలా వాళ్ల విషపు బాణాలే. రహస్యం ఒక్కరు బయట చెప్పినా ఫాంటమ్ కథ ఆ రోజుతో ఖతం. నాలుగు వందల ఏండ్లు ఒక్క మనిషి కూడ నోరు జారలేదంటే అదే అసలైన సూపర్ శక్తి. అయినా బొమ్మల్లో వాళ్లు ఎప్పుడూ ఫాంటమ్ మోకాళ్ల ఎత్తులోనే నిలబడి ఉంటరు. ఫాంటమ్ పిల్లగాడు చదువుకు అమెరికా పోతడు. మేం చదివిన పన్నెండు పుస్తకాల్లో ఒక్క బందర్ పిల్ల పలక పట్టినట్టు మాత్రం కనపడలేదు.

మాలో ఒకడు ఫాంటమ్ వీరాభిమాని. వాని మాట కూడ రాయాలె, లేకుంటే కొట్లాటకొస్తడు. వాడు ఏమంటడంటే, ఆ గహనారణ్యంలో బయటోడు అనుమతి లేకుండ కాలు పెట్టలేడు, భూమి కొనలేడు, వ్యాపారం పెట్టలేడు. ఇది మన 1/70 చట్టమే గదా, కాకపోతే అక్కడ అమలు చేసే అధికారి గుర్రం మీద తిరుగుతడు అని. నవ్వినం గాని మాటలో పస ఉంది. మన త్రిపురారం ఏజెన్సీ ప్రాంతం కాదు, 1/70 మనకు వర్తించదు. అట్లాంటి అడవి ఒకటుంటే బాగుండు అని మైదానం తండాలో పుట్టినోనికే ఎక్కువ అనిపిస్తదేమో.

ఇగ ఎక్స్-మెన్. అందులో జాన్ ప్రౌడ్‌స్టార్ అని అపాచీ తెగ యువకుడు ఉంటడు, వీరుని పేరు థండర్‌బర్డ్. 1975లో కొత్త ఎక్స్-మెన్ జట్టును కట్టినప్పుడు కెన్యా నుంచి స్టార్మ్, రష్యా నుంచి కొలోసస్, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్, కెనడా నుంచి వుల్వరిన్ వస్తరు. ఆదివాసుల తరఫున ఈ తమ్ముడు. మేం మస్తు సంబరపడ్డం. అడవి దున్నతో కుస్తీ పట్టే బొమ్మ ఉంటది, గోడకు అంటించుకోవచ్చు. తర్వాత చూస్తే అదే ఏడాదిలో చంపేసిన్రు. పారిపోతున్న దుర్మార్గుని విమానం ఎక్కి, దిగమన్నా దిగకుండ దానితోనే పేలిపోతడు. జట్టులో ఉన్న మిగతా పేర్లన్నీ సినిమాల దాకా వచ్చినయి, పిల్లల టిఫిన్ డబ్బాల మీదికెక్కినయి. ముందుగాల సచ్చింది మాత్రం మనోడు. చెల్లె ఆ పేజీ మీద పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసింది: "తెలుసు."

2020లో మార్వెల్ వాళ్లే అమెరికా ఆదివాసీ రచయితలు, చిత్రకారులతో ఇండిజినస్ వాయిసెస్ అనే సంచిక తెచ్చిన్రు. దాని వెనక జెఫ్రీ వెరెగీ అనే ఆదివాసీ చిత్రకారుడు ఉన్నడు. అది మా సంచిలో లేదు. ఎవరి దగ్గరన్న ఉంటే చెప్పండి.

పవిత్ర్ ప్రభాకర్ గురించి రెండు మాటలు. స్పైడర్‌మ్యాన్‌కు ఇండియా రూపం ఇది. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ కలిసి చేసిన్రు, నాలుగే సంచికలు. పల్లెటూరు పిల్లగాడు స్కాలర్‌షిప్ మీద ముంబై బడికి వస్తడు. బట్టలు చూసి తోటి పిల్లలు ఏడిపిస్తరు. ఇక్కడిదాకా మన హాస్టల్ కథనే. తర్వాత ఒక యోగి వచ్చి సాలెపురుగు శక్తి ఇస్తడు. మనకు ఆ యోగి రాడు, స్కాలర్‌షిప్ కూడ రెండేండ్లుగ రాలేదు. ధోతి మీద స్పైడర్‌మ్యాన్ చొక్కా తొడిగినంత మాత్రాన కథ మనదైపోదు. కాని ఆ మొదటి పది పేజీల్లో వాడు క్లాసు గది వెనక బెంచీలో కూసునే బొమ్మ మాత్రం మాకు మరుపు రాదు.

రాజ్ కామిక్స్ వాళ్ల నాగరాజ్ మాకు పెద్దగ ఎక్కలేదు. ఒంట్లోనే పాములుండుడు పిల్లలకు బాగుంటది గాని నాలుగో పుస్తకానికి విసుగొచ్చింది. సూపర్ కమాండో ధ్రువ మాత్రం అందరికీ నచ్చిండు. అనుపమ్ సిన్హా 1987లో తయారుచేసిన వీరుడు. ధ్రువకు మంత్ర శక్తి ఏమీ లేదు. సర్కస్‌లో పుట్టిండు. తల్లిదండ్రులు పోటీ సర్కస్ వాళ్లు పెట్టిన మంటల్లో పోతే ఒక పోలీసు అధికారి ఇంట్లో పెరుగుతడు. చేతిలో ఉన్నది చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విద్యే. తీగ మీద నడుచుడు, జంతువుల భాష పట్టుడు, మోటారు సైకిల్ తోలుడు. ఊరూరు తిరిగేటోళ్ల పని చేతుల్లో ఎంత విద్య ఉంటదో ఈ కథ చెప్పకనే చెప్తది. ఎడ్ల మీద సరుకు వేసుకొని దేశమంతా తిరిగిన బంజారాల మనుమలకు ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అయితది.

బ్లాక్ పాంథర్ దగ్గర మేం ఎక్కువ రోజులు ఆగినం.

సినిమా అందరు చూసిన్రు కాబట్టి దాన్ని వదిలేసి పుస్తకాల సంగతి చెప్తం. స్టాన్ లీ, జాక్ కిర్బీ 1966లో ఫెంటాస్టిక్ ఫోర్ 52వ సంచికలో ఈ వీరుణ్ని పుట్టించిన్రు. ఆ తర్వాత 1973లో డాన్ మెక్‌గ్రెగర్ రాసిన కథలు వచ్చిన పత్రిక పేరు చూడండి: జంగిల్ యాక్షన్! అంతకుముందు అందులో అడవిని కాపాడే తెల్ల వీరుల పాత కథలు మళ్లీ మళ్లీ వేసేటోళ్లు. మెక్‌గ్రెగర్ వచ్చినంక కథ మొత్తం వకాండాలోనే నడిచింది, పాత్రలు దాదాపు అందరూ నల్లవాళ్లే. పొగిడేటోడు, ఎదురు తిరిగేటోడు, వంట చేసేటామె, మోసం చేసేటోడు అందరూ ఆ ఊరోళ్లే. తెల్లాయన వచ్చి కాపాడే పనే లేదు. దుర్మార్గుడు కూడ మనోడే ఉంటే కథ ఎంత ఊపిరి పీల్చుకుంటదో అప్పుడు తెలిసింది. ఎప్పుడూ మంచోళ్లుగ, అమాయకులుగ మాత్రమే చూపిస్తే అది కూడ ఒక రకం చిన్నచూపే.

వకాండా బలమంతా వైబ్రేనియం అనే ఖనిజంలో ఉంది. ఆకాశం నుంచి పడ్డ రాయి, ప్రపంచంలో ఎక్కడా అంత లేదు. ఇది వినంగనే కుప్ప కాడ ఒక పెద్దాయన "మన లంబాపురం లెక్కనా?" అన్నడు. అందరం గమ్మునైపోయినం.

చిన్న తమ్ముళ్లకు తెలియకపోవచ్చు. మన సాగర్ జలాశయం అంచున లంబాపురం, పెద్దగట్టు ఉన్నయి. ఆ భూమి కింద యురేనియం ఉందని తేలింది. 2003 ఆగస్టులో పెద్ద అడిశర్లపల్లిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన్రు. తండాలోళ్లు, ఊళ్లోళ్లు, నీళ్ల గురించి భయపడ్డోళ్లు ఎదురు మాట్లాడిన్రు. ఆ గని అక్కడ తెరుచుకోలేదు. నల్లమలలో యురేనియం వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్ల కుప్ప మీద పండుకొని ఈ ముచ్చట వింటుంటే, వైబ్రేనియం కథ అమెరికాలో ఎవరో కల్పించింది అనిపించదు.

తేడా ఎక్కడుందంటే, కామిక్‌లో ఖనిజం దొరికినంక వకాండా తలుపులు మూసుకొని, దాన్ని తనే తవ్వి, తనే చదువుకొని, తనే రాకెట్ చేసుకుంది. ఏ కంపెనీకీ లీజుకియ్యలేదు. ఇది కల అని తెలుసు. కాని ఇంత పెద్ద కల మన గురించి ఎవరన్న కన్నరా? మన దగ్గర ఖనిజం కథ మొదలైతే రెండే ప్రశ్నలొస్తయి. తండాను ఎక్కడికి లేపుదాం, ఎంత పరిహారం ఇద్దాం. మీరే తవ్వుకుంటరా, అసలు తవ్వాల్నా వద్దా, మీ పిల్లలు దాని గురించి చదువుకుంటరా అని మూడో ప్రశ్న ఎవరూ వేయరు.

2016లో టా-నెహిసి కోట్స్ రాసిన బ్లాక్ పాంథర్ ఇంకొక మెట్టు. బొమ్మలు బ్రయన్ స్టెల్‌ఫ్రీజ్‌వి. కోట్స్ అసలు పని జర్నలిజం, నల్లవాళ్ల చరిత్ర మీద పెద్ద పుస్తకాలు రాసిండు. ఇందులో వకాండా జనమే రాజు మీద తిరగబడతరు. ఇన్నిసార్లు శత్రువులు మా మీద పడ్డప్పుడు నువ్వు ఎక్కడున్నవు, అసలు మాకు రాజెందుకు అని అడుగుతరు. రాజు అంగరక్షకుల్లో ఇద్దరు ఆడోళ్లు, ఆయో, అనేకా, ఆడపిల్లలను చెరబట్టిన నాయకుల మీదికి సొంతంగ పోతరు. చివరికి రాజు తన అధికారాన్ని జనంతో పంచుకోవాల్సి వస్తది. పోట్లాటలు తక్కువ, మాటలు ఎక్కువ. మాలో ఇద్దరికి బోర్ కొట్టింది, అది కూడ రాయాలె. మిగతా ముగ్గురికి ఇదే అన్నిటికంటే నచ్చింది. మన తండాల్లో నాయక్, కార్బారి మాట చెల్లే కాలం పోయి, తండా పంచాయతీలు వచ్చి, సర్పంచ్ పదవి వచ్చినంక అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఇందులో ఉన్నయి.

ఈ మాట మీద ఆర్ఆర్ఆర్ సినిమా ముచ్చట రానే వచ్చింది. కొమురం భీమ్‌ను సూపర్ హీరోగ చూపిన సినిమా అది, 2022ది. పులితో కొట్లాడతడు, మోటారు సైకిల్‌ను ఒంటిచేత్తో తిప్పి కొడతడు. థియేటర్ల మేం కూడ ఈలలు వేసినం, ఎందుకు దాచాలె. కాని చివరికి "ఏం కావాలె" అని రాజు అడిగితే భీమ్ చదువు అడుగుతడు. భీమ్ జీవితం రాసినోళ్లేమో ఆయన చందా దిక్కు, అస్సాం తేయాకు తోటల దిక్కు తిరిగినప్పుడే చదువుడు, రాసుడు నేర్చుకున్నడని చెప్తరు. జోడేఘాట్‌లో 1940లో పోరాడి సచ్చేనాటికి ఆయన దగ్గర లేనిది అక్షరం కాదు. తెర మీద ఆయనకు అంత కండ ఇచ్చి, ఉన్న అక్షరం తీసుకున్నరు. ఇదీ మా బాధ.

ఇప్పుడు అసలు పుస్తకం. ఇందులో ముసుగు లేదు, ఎగురుడు లేదు. సూపర్ హీరో పుస్తకం అనొచ్చా అని మేం వాదులాడుకున్నం. అనొచ్చనే తేలింది, ఎందుకంటే వీరుడు అంబేద్కర్. పుస్తకం పేరు భీమాయన, 2011లో నవయాన వాళ్లు వేసిన్రు. మాటలు రాసింది శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్. బొమ్మలు గీసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్, మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు దంపతులు. ఈ గోండు బొమ్మల దారిని కాగితం మీదికి తెచ్చింది జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భోపాల్ భారత్ భవన్‌లో గీసి లోకానికి తెలిసినోడు, 2001లో జపాన్‌లో పోయిండు.

కథ మనకు తెలిసిందే. చిన్నప్పుడు బడిలో నీళ్లు ఇయ్యకపోవుడు, నాయనను చూడటానికి పోతే బండోడు ఎక్కించుకోకపోవుడు, బరోడాలో ఉండ ఇల్లు దొరకకపోవుడు. మమ్మల్ని పట్టుకున్నది గీసిన తీరు. వ్యామ్ దంపతులు గడులు గీయలేదు. కామిక్ అంటే గడులే గదా, ఒక్కొక్క డబ్బాలో ఒక్కొక్క బొమ్మ. మనుషులను డబ్బాల్లో పెడితే ఊపిరి ఆడదని వాళ్ల లెక్క. కాబట్టి పేజీ అంతా ఆరుబయట లెక్క ఉంటది. గోండు ఇళ్ల గోడల మీద, నేల మీద వేసే డిగ్నా ముగ్గు గీతలే బొమ్మకూ బొమ్మకూ నడుమ గట్లు. రైలు పాములాగ మెలికలు తిరుగుతది. దౌలతాబాద్ కోట నోరు తెరిచిన మృగంలా ఉంటది.

మాటల బుడగలు చూస్తే ఇంకా ఆశ్చర్యం. మెత్తని మాట, బాధపడ్డోని మాట పిట్ట ఆకారంలో ఉంటది. కుల అహంకారంతో అన్న మాటకు తేలు కొండి ఉంటది. మనసులో అనుకునే మాటకు ఒక కన్ను గుర్తు. చదువు రాని మా యాడి చేతిలో ఈ పుస్తకం పెడితే పేజీలు తిప్పుకుంట ఏ మాట కుట్టిందో, ఏ మాట కుట్టలేదో వేలు పెట్టి చూపింది. ఒక్క అక్షరం చదవకుండానే. కావలి రాత్రుల్లో మేం చదివిన వాటిల్లో ఇంకే పుస్తకం ఈ పని చేయలేదు.

ఫాంటమ్ కథ అవతలి ఒడ్డున ఇదే ఉందని మాకు అనిపించింది. అక్కడ కథ గీసినోని చేయి ఎక్కడో అమెరికాలో ఉంటది, అందుకే అడవి జనం మోకాళ్ల ఎత్తులో ఉన్నరు. ఇక్కడ గీసింది గోండు చేయి. గీసినోళ్లు తమ కథ కూడ గీయలేదు, వేరే జాతి మనిషి కథ గీసిన్రు. అయినా పుస్తకంలో చెట్టు, పిట్ట, తేలు, పాము అన్నీ వాళ్ల ఊరి నుంచే వచ్చినయి.

అమర్ చిత్ర కథ వాళ్లు సాంస్కృతిక శాఖతో కలిసి 2022లో తెచ్చిన గిరిజన వీరుల పుస్తకం కూడ చదివినం. ఇరవై కథలు. తిల్కా మాఝీ, సిద్ధూ, కన్హూ, గోవింద్ గురు లాంటోళ్లు. మంచి పనే, ప్రతి హాస్టల్లో ఉండాలె. కాని ఒక్కొక్కరికి నాలుగైదు పేజీలే, అందరి కండలు ఒక్క తీరే, ఒకరి ముఖం ఇంకొకరికి పెట్టినా తేడా తెలియదు. కథ మొదలైందనుకునేలోపు తుపాకి పేలుతది.

గోవింద్ గురు దగ్గర మాత్రం ఆగినం. రాజస్థాన్ డుంగర్‌పూర్ దిక్కు భిల్లుల నడుమ తాగుడు మానండి, వెట్టి చేయకండి అని తిరిగిన మనిషి. 1913 నవంబరు 17న మాన్‌గఢ్ గుట్ట మీద గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగినయి, ఆయన జైలుకు పోయిండు. బయట వెతికితే తెలిసింది, ఆయన పుట్టింది బంజారా కుటుంబంలో! బంజారా ఇంట్లో పుట్టి భిల్లులకు గురువైండు. పైన బ్రాకెట్లో వద్దన్న పంచాయతీకి ఇదొక్కటి చాలు, ఇంతకంటే మేం మాట్లాడం.

ఇన్ని చదివినంక ఊరికే ఉండబుద్ధి కాలేదు. జాటోత్ ఠాను నాయక్ కథ మనమే గీద్దామని అనుకున్నం. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద ధర్మాపురం లంబాడీ రైతులు భూమి కోసం కొట్లాడినప్పటి నాయకుడు, 1950లో అమరుడైండు. చాకలి ఐలమ్మ, దొడ్డి కొమరయ్య పేర్లు తెలిసిన పిల్లలు కూడ మన తండాల్లోనే ఈ పేరు చెప్తే "ఎవరన్నా?" అంటున్నరు. పదహారు పేజీలు చేద్దాం, తెలుగులో ఒకటి, తెలుగు లిపిలోనే గోర్ బోలి ఒకటి.

అక్కడ మొదలైంది పంచాయతీ. మా ఆరో తరగతి తమ్ముడు ఠాను నాయక్‌కు ఏదో ఒక శక్తి ఉండాల్సిందే అంటడు. తూటాలు తగిలితే రాలిపోవాలె, లేకుంటే దోస్తులెవరూ చదవరట. తాత ఒప్పుకోలే. "తూటా తగలకపోతే ఆడు సచ్చినట్టెట్ల, సచ్చింది అబద్ధమైతే భూమి అడిగింది కూడ అబద్ధమే అంటరు" అన్నడు. చెల్లెది వేరే గొడవ. వీరుడొక్కడే ఎందుకు, భూమిలో దున్నుకుంట నిలబడ్డ ఆడోళ్లు ఎక్కడ అని. పైగా అద్దాల కాంచళి, ఫేటియా, మీద టుక్రి, మోచేయి దాకా గాజులు, ఇంతకంటే సూపర్ హీరో బట్టలు ఎవరు కుట్టిన్రో చూపించండి అంటది. దానికి మా దగ్గర జవాబు లేదు. సగం పేజీలు ఆడోళ్లకే అని రాసుకున్నం.

శక్తి సంగతి మాత్రం తేలలేదు. ముగ్గురం తాత దిక్కు, ఇద్దరం తమ్ముని దిక్కు. తమ్ముని దిక్కు ఉన్నోళ్ల మాట ఏందంటే, చదివేటోళ్లు పిల్లలు, ముందుగాల వాళ్ల చేతిలోకి పుస్తకం పోవాలె గదా. అందులో కూడ నిజముంది. మీరేమంటరో కామెంట్లలో రాయండి, కాని కారణం చెప్పి రాయండి.

తేలిన విషయాలు కొన్ని. గడులు ఉండవు. మన యాడీలు కుట్టే కుట్టు గీతలే గట్లు. మనోళ్ల మాటలు అద్దం బిళ్లల్లో రాస్తం, చుట్టూ దారం కుట్టు. దేశ్‌ముఖ్ మనుషుల మాటలు ములుకర్ర కొనలో ఉంటయి. రంగులు ఎర్రది, నల్లది, పసుపు, మూడే. అచ్చుకు ఖర్చు తక్కువైతదని కూడ.

మొదటి పేజీ గీసినం. తెల్లారంగ ఎర్ర చెల్కలో ఒక నాగలి, వెనక నడిచిన అడుగుల గుర్తులు. మనిషి ముఖం ఇంకా గీయలేదు, ఎందుకంటే ఆయన ఫోటో మాకు దొరకలేదు, ఊహించి ఎవరి ముఖమో పెట్టుడు మాకు ఇష్టం లేదు. జనగామ, దేవరుప్పుల దిక్కు చుట్టాలున్నోళ్లు ఈ పోస్టు వాళ్లకు చదివి వినిపించండి. ఆ కాలం మనుషులు, వాళ్ల బిడ్డలు ఎవరన్న ఉంటే అడగండి. పాట ఉంటే ఫోన్‌లో రికార్డు చేసి పంపండి, గొంతు బాగలేకున్నా పర్వాలేదు. ఆ చెల్కల అప్పుడు దున్నింది ఎడ్లతోనా, దున్నపోతులతోనా, అది కూడ అడగండి. రెండో పేజీ దాని కాడనే ఆగి ఉంది.